మైపాడులో దిగని అమ్మ

బస్సు ఊరికే, ఆటో వంద. మా ప్రయాణం అట్టా మొదలైంది. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన స్త్రీశక్తి పథకం పుణ్యాన నాకూ అమ్మకూ జీరో టికెట్టు, తొమ్మిదేళ్ల మా వాడికి హాఫ్ టికెట్టు. పెన్నా వంతెన, కోవూరు దాటి హైవే మీద దిగితే మేం పోయే ఆటల పార్కు మహా అయితే రెండు కిలోమీటర్లు. ఆటో ఆయన మాత్రం వందకు పైసా తగ్గలేదు.

గేటు దగ్గర సంచీ వెతికి పులిహోర డబ్బా బయట పెట్టించారు. నాలుగింటికే లేచి తిరగమోత పెట్టిన పులిహోర అది. "లోపల క్యాంటీన్ ఉంది మేడమ్" అన్నాడు సెక్యూరిటీ పిల్లాడు. ఉంది, రెండిడ్లీ డెబ్బై రూపాయలు. చట్నీలో నీళ్లు చూస్తే వాటర్ పార్కు అక్కడే మొదలైందనిపించింది.

జెయింట్ వీలూ, కొలంబస్సూ చూసుకుంటూ వెనక్కి పోతే నీళ్ల భాగం వస్తుంది. అక్కడ చీర దగ్గర పేచీ వచ్చింది. నైలాన్ బట్టలైతేనే దిగనిస్తారట. నూలు బట్టల పోగులు ఊడి ఫిల్టర్లకు అడ్డం పడతాయి, తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటే ప్రమాదం. రూలు న్యాయమైనదే, అద్దె మాత్రం కాదు. ప్యాంటూ, టీషర్టూ కలిపి నూటయాభై, పైన వంద డిపాజిట్. గుర్తుగా చేతికి నంబరున్న రబ్బరు పట్టీ.

"నేను దిగనులేవే, గట్టున కూర్చుంటా" అంది అమ్మ. నాకు తెలుసు దిగదని. 2004 డిసెంబరు 26 ఆదివారం, సునామీ రోజు, మేం సముద్రం ఒడ్డున మైపాడు దగ్గర పెదనాన్న వాళ్లింట్లో ఉన్నాం. కేకలు విని కట్ట మీదికి పరిగెత్తాం. ఆరేసిన వలలు నీళ్లలో తేలుకుంటూ మా వెనకే వచ్చాయి. ఆ తర్వాత ఏటా కార్తీక పౌర్ణమికి మైపాడు పోతాం గానీ, అమ్మ పొడి ఇసుకలోనే నిలబడి, నా చేత చెంబుతో నీళ్లు తెప్పించుకుని నెత్తిన పోసుకుంటుంది.

మా వాడు స్లైడుల మీదికి పోయాడు. ఫైబర్ గొట్టంలో నీళ్లు పారుతుంటే ఒళ్లు ఎక్కడా పట్టుకోదు, మూడు మెలికలు తిరిగి దభీమని కిందపడతారు. పది సెకన్ల ఆ సంబరానికి అరగంట క్యూ.

నేను మొదటిసారి అలల కొలను చూసింది చెన్నై పక్క తాంబరం దగ్గర కిష్కింతలో, ఇంటర్ ఎక్స్‌కర్షన్‌లో. మన దేశంలో మొదటి త్రీడీ సినిమా తీసిన నవోదయ అప్పచ్చన్ 1995లో పెట్టిన పార్కు అది. ఆటల పార్కులోనే నీళ్ల పార్కు కలిపే ఆలోచన అంతకు చాలా ముందుదే. 1976లోనే ఫ్లోరిడాలో డిస్నీ వాళ్లు తమ స్థలంలో రివర్ కంట్రీ తెరిచారు. మరుసటేడు, సముద్ర జీవుల పార్కు సీవరల్డ్ పెట్టిన వాళ్లలో ఒకరైన జార్జి మిలే ఆర్లాండోలో ఒక్క నీళ్లనే నమ్ముకుని వెట్ అండ్ వైల్డ్ పెట్టాడు. ఇప్పుడా రెండూ లేవు. మా హైవే పక్కకి మాత్రం వాటి పిల్లలు వచ్చాయి.

"ఏందే ఈ ఆస్పత్రి వాసన?" అంది అమ్మ. కెమిస్ట్రీ చెప్పేదాన్ని కదా, ఊరుకోలేకపోయాను. అది ఉత్త క్లోరిన్ వాసన కాదు. చెమటా, మూత్రమూ క్లోరిన్‌తో కలిస్తే పుట్టే క్లోరమైన్ల వాసన. "అయితే ఆ పిల్లకాయలంతా..." అని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇంతలో ఇక్కడి అలల కొలను దగ్గర సైరన్ మోగింది. లోతు వైపు గోడ కింద నుంచి నీళ్లు ఉబ్బి, వరస కట్టి ఇటు వచ్చాయి. అమ్మ కుర్చీ ఎత్తుకుని నాలుగడుగులు వెనక్కి జరిగింది. పది నిమిషాలకు అలలు టక్కున ఆగిపోయాయి. అమ్మ లేచి, విజిల్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడి దగ్గరికి పోయింది.

"ఎట్టా ఆపారయ్యా?"

"గోడ వెనక గదులున్నాయి అవ్వా. పెద్ద ఫ్యాన్లు వాటిలోకి గాలి కొడితే నీళ్లు కిందికి నొక్కుకుపోతాయి, వదిలితే పైకొస్తాయి. ఆ ఊపుకే అల. స్విచ్చి తీస్తే అంతే."

"స్విచ్చి ఎవరి దగ్గరుంటది?"

కుర్రాడు గాజు గదిలో ఫోను చూసుకుంటున్న ఒకాయన్ని చూపించాడు. అమ్మ ఆయన్ని కాసేపు పరకాయించి చూసింది. తిరిగొచ్చి నా ముందు చెయ్యి చాపింది. "నూటయాభై ఇయ్యి."

తర్వాతి సైరన్‌కి నీలం నైలాన్ ప్యాంటులో మా అమ్మ మోకాళ్ల లోతులో ఉంది. మొదటి అలకు నా మణికట్టు గట్టిగా పట్టుకుంది, గోళ్లు దిగాయి. మూడో అలకు వదిలేసింది. నడుం లోతుకు పోయింది. జడ విడిపోయి, నోట్లో నీళ్లు ఉమ్ముకుంటూ నవ్వింది. వెనక్కి తిరిగి గాజు గది వైపు మాత్రం రెండు సార్లు చూసుకుంది.

వచ్చేటప్పుడు కౌంటర్ దగ్గర అమ్మ చేతికి రబ్బరు పట్టీ లేదు. పట్టీ లేనిదే డిపాజిట్ ఇవ్వం అన్నాడతను. బట్టలు కళ్ల ముందే ఉన్నాయి కదయ్యా అని నేను గొంతు పెంచాను. పొద్దున ఆటో దగ్గర పది రూపాయలకు పోట్లాడిన అమ్మ నా చెయ్యి పట్టి లాగింది.

"పోనీలేవే, అల తీసుకుపోయింది."