ఆ ముల్లు ఎక్కడుంది?

పదకొండున్నరైంది, నిద్ర రావట్లేదు. మా తమ్ముడు చిన్నోడు మునిగిన ఓడ దగ్గర డైవింగ్ చేసిన వీడియో మళ్లీ తీసి, ఒకచోట ఆపి, వేళ్లతో పెద్దది చేసి చూస్తున్నా. ఓడని కాదు, సిలిండర్లో గాలి ఎంత మిగిలిందో చూపించే, వాడి చేతిలోని మీటరుని. ముల్లు ఎరుపుకి, అంటే గాలి అయిపోవచ్చే గుర్తుకి, కాస్త ఇవతల ఉంది, అంతే.

పొద్దున ఇంట్లో అందరూ ఓడనే చూశారు. స్పీగెల్ గ్రోవ్ అని, 510 అడుగుల అమెరికా నేవీ ఓడ. పాతదైపోతే చేపలకీ డైవింగ్‌కీ పనికొస్తుందని 2002లో ఫ్లోరిడాలో కీ లార్గో దగ్గర కావాలనే ముంచారు. అది చెప్పిన టైముకంటే ముందే మునిగి తలకిందులైందట. మనుషులు తంటాలుపడి పక్కకి ఒరిగించగలిగారు గానీ, నిటారుగా నిలబెట్టింది మాత్రం 2005లో వచ్చిన డెన్నిస్ తుపాను. అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. "తుపాను నిలబెట్టడమేంటే?" అంది. దివిసీమ మనిషి, 77 ఉప్పెన చూసిన మనిషి. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

నాకు మండింది వేరే. ముల్లు అక్కడుంటే వీడు పక్కవాడికి బొటనవేలు ఎత్తి సూపర్ అంటున్నాడు! వంద అడుగుల లోతులో ఒక్కో శ్వాసకి పైన అయ్యేదానికి నాలుగింతల గాలి ఖర్చవుతుందని నాకు చెప్పిందే వాడు. ఫోన్లో అడిగితే "పైకొచ్చేశానుగా అక్కా" అన్నాడు. ఇదేం సమాధానం? చేపల గురించి అరగంట చెప్పాడు, కాళ్లకేసుకునే ఫిన్స్ రేటు చెప్పాడు, అడిగింది మాత్రం చెప్పడు.

2004 పుష్కరాల్లోనూ ఇంతే. పద్మావతి ఘాట్‌లో నాచు మెట్టు మీద కాలు జారి మునిగిపోయాడు, ఏడేళ్లు వాడికి. జుట్టు దొరికింది కాబట్టి సరిపోయింది, లాగేశా. ముక్కులోంచి నీళ్లు కారుతుంటే "కళ్లు తెరిచే ఉన్నానక్కా, లోపలంతా పచ్చగా ఉంది" అన్నాడు. చెంప మీద ఒక్కటిచ్చా. అమ్మకి ఇప్పటికీ తెలీదు.

ఇందాకే ఇంకో సంగతి చదివా. డైవింగ్‌లో బొటనవేలు ఎత్తితే సూపర్ అని కాదట, ఇక పైకి పోదాం అనట. వీడియో ఈసారి చివరిదాకా చూశా. ఇద్దరూ తాడు పట్టుకుని మెల్లగా లేచారు, పైకి ఇంకో పదిహేను అడుగులుందనగా ఆగి, వాచీ చూసుకుంటూ మూడు నిమిషాలు అలాగే వేలాడారు. పైకొచ్చే ముందు జాగ్రత్తకి అలా ఆగాలట. అంటే బుద్ధిగానే ఉన్నాడు. అనవసరంగా పొద్దుటి నుంచీ తిట్టుకున్నా.

రాసిపెట్టిన మెసేజ్ చెరిపేసి, "కెమెరాలో అంతా నీలంగానే ఉంది, నీ కంటికెలా కనబడిందిరా?" అని పంపా. ఆ ముల్లు సంగతి మాత్రం ఆదివారం అడుగుతా.