నా అనుభవం: అమ్మ దగ్గర్నుంచి తిరిగొచ్చాక పండుతో, బూరెతో

ఇంట్లో పెద్దవాళ్లకు జబ్బు చేసి నెలల తరబడి వేరే ఊళ్లో ఉండాల్సి వస్తే, అక్కడ ఎలా చూసుకోవాలో చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. తిరిగొచ్చాక మన కుక్కతో, పిల్లితో ఎలా మెలగాలో చెప్పేవాళ్లు మాత్రం నాకు పెద్దగా కనిపించలేదు. నాలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అమ్మ రాజమండ్రిలో ఉంటుంది. ఎండాకాలంలో బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. నాన్న లేరు, తమ్ముడు దుబాయ్‌లో. ఆపరేషన్ రోజు వెళ్లినదాన్ని అక్కడే ఉండిపోయాను. వీపు మీద పుళ్లు పడకుండా పక్కలు మార్చడం, ఒళ్లు తుడవడం, పొద్దునా సాయంత్రం కాలికి ఎక్సర్‌సైజులు చేయించడం, రాత్రి ఎప్పుడు మూలిగినా లేవడం. దసరా వెళ్లాక వాకర్ పట్టుకుని తనంతట తాను వంటింటిదాకా నడిచింది. పిన్నిని తోడు పెట్టి నేను హైదరాబాద్ సైనిక్‌పురిలో మా ఇంటికి బయల్దేరాను.

ఇక్కడ మా ఆయన, అత్తయ్య, మా అమ్మాయి, వాళ్లతో పాటు పండు, బూరె. పండు మా గేటు దగ్గర వానలో దొరికిన వీధికుక్క పిల్ల, ఇప్పుడు ఏడేళ్లవాడు. బూరె నారింజ రంగు పిల్లి. ఆ రంగూ, ఆ గుండ్రటి ముఖమూ చూసి మా అమ్మాయి ఆ పేరు పెట్టింది.

రాజమండ్రి వెళ్లిన కొత్తలో రోజూ వీడియో కాల్‌లో పండుతో మాట్లాడేదాన్ని. వాడు నా గొంతు విని ఫోన్ వెనక్కి వెళ్లి వెతికేవాడు, ఆ తర్వాత గేటు దగ్గర కూర్చుని రాత్రి అన్నం ముట్టేవాడు కాదు. అది తెలిశాక మా ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వేరే గదిలోంచే మాట్లాడేవారు. గొంతుకు బదులు వాసన పంపుదాం అనుకున్నాం. హైదరాబాద్ వస్తున్న చుట్టాల చేత, నేను కట్టి విడిచిన నేత చీరలు రెండు ఉతక్కుండా కవర్లో చుట్టి పంపాను. ఒకటి పండు పరుపు మీద, ఒకటి బీరువా పైన బూరె పడుకునే చోట పరిచారు. ఇలా దూరంగా ఉండాల్సి వచ్చిన ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే.

ఇంటికొచ్చిన రోజు పండు ఎగిరి మీద పడతాడని దారంతా అనుకుంటూనే ఉన్నాను. గేటు తీయగానే ఒక్కసారి మొరిగాడు, అంతే. మా ఆయన "వాణ్ణి పిలవకు, లోపలికొచ్చి కింద కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ముందు చెప్పులు చూశాడు, తర్వాత బ్యాగు జిప్పు, తర్వాత నా చేతులు. వేళ్ల మధ్యలో ముక్కు పెట్టి, ఊపిరి ఆపి ఆపి, ఒక్కో వేలూ విడివిడిగా వాసన చూశాడు. నా చేతుల నిండా అమ్మ కాలికి రాసిన తైలం, డెటాల్, పౌడరు. ఎన్నిసార్లు కడిగినా నాకే వచ్చే వాసన. అంతా చూసి, వెళ్లి మా ఆయన కాళ్లకు ఆనుకుని కూర్చున్నాడు. నా ప్రాణం ఉసూరుమంది.

మరిచిపోయాడేమోనని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ కుక్క మరిచిపోదు. అమెరికాలో ఎమోరీ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ బర్న్స్ బృందం కుక్కలను ఎంఆర్ఐ యంత్రంలో కదలకుండా పడుకోవడానికి అలవాటు చేసి, రకరకాల వాసనలు చూపించింది. 2015లో అచ్చయిన ఆ పరిశోధనలో, మంచి జరగబోతోందని ఎదురుచూసేటప్పుడు చురుకయ్యే మెదడు భాగం తెలిసిన మనిషి వాసనకే అన్నిటికన్నా ఎక్కువగా స్పందించింది. ఆ మనిషి అక్కడ లేకపోయినా సరే. కాబట్టి పండు నన్ను మరిచిపోలేదు. నేను లేని రోజులను వాడు మిగతావాళ్లతో నింపుకున్నాడు, అంతే. పొద్దున్నే మా ఆయనతో వాకింగ్, మధ్యాహ్నం అత్తయ్య చేతి పెరుగన్నం, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయితో బంతాట, రాత్రి అత్తయ్య మంచం కింద పడక. వాడి రోజులో నాకంటూ ఖాళీ లేదు. ఆ చోటు లాక్కోకూడదని, కొత్తగా సంపాదించుకోవాలని అప్పుడే అనుకున్నాను.

వాకింగ్‌కు మా ఆయన పక్కన నేనూ నడిచేదాన్ని, తాడు ఆయన చేతిలోనే. కొన్నాళ్లకు తిరుగు దారిలో తాడు నా చేతికిచ్చేవారు. ఎవరూ చేయని పని ఒకటి మిగిలుంది, దువ్వడం. దాన్ని నేను తీసుకున్నాను. సాయంత్రం వరండాలో కూర్చుంటే పండే వచ్చి వీపు తిప్పి నిలబడేవాడు.

అలా దువ్వుతుంటేనే గోమార్లు కనిపించాయి. చెవి మడతల్లో రెండు, ముందు కాలి వేళ్ల సందులో బఠాణీ గింజంత ఉబ్బినది ఒకటి. వానాకాలం, ఆ వెనక నెలల్లో మన దగ్గర ఇవి విపరీతం. వాడు కొంచెం నలతగా ఉండటం నా మీద బెంగ వల్లేనని ఇంట్లో అందరూ అనుకున్నారు. డాక్టరు గారు చిగుళ్లు చూసి, రక్తపరీక్ష చేయించారు. ప్లేట్‌లెట్లు తగ్గాయి, గోమార్లు కుట్టడం వల్ల వచ్చే టిక్ ఫీవర్. డాక్సీసైక్లిన్ నాలుగు వారాల కోర్సు రాసి, బాగున్నాడు కదా అని మధ్యలో ఆపొద్దని గట్టిగా చెప్పారు. కాబట్టి తిరిగొచ్చాక జంతువు డల్‌గా ఉంటే అంతా మనసు సంగతే అనుకోకండి. ఒళ్లంతా తడిమి చూడండి, బరువు తూయించండి, టీకా పుస్తకం తీసి రేబిస్ బూస్టర్ గడువు చూడండి. మా వాడు బరువు కూడా పెరిగాడు. అత్తయ్య బిస్కెట్ల సంగతి ఎత్తితే, "నోరు లేనిది, కళ్లతో అడుగుతుంటే ఎలా ఊరుకోనమ్మా" అన్నారు. నేను లేనన్నాళ్లూ వాణ్ణి కంటికి రెప్పలా చూసింది ఆవిడే. ఆవిడ చేత మాన్పించడానికి నాకు నోరు రాలేదు. బిస్కెట్ల డబ్బాలో ఉడికించిన క్యారెట్ ముక్కలు వేసి పెట్టాను. ఆవిడ అవే పెడుతున్నారు.

మందులు పడి ఒంట్లో ఓపిక వచ్చాక వ్యవహారం తిరగబడింది. నన్ను వదలడు. బాత్రూం తలుపు దగ్గరే కాపలా, పాలప్యాకెట్‌కు సందు చివరికి వెళ్లినా తలుపు గీకడం, ఏడవడం. ఎవరికైనా ముద్దుగా అనిపిస్తుంది గానీ అది వాడు పడుతున్న టెన్షన్. డాక్టరు గారు చెప్పినట్టు, ఇంటి తాళాలు తీసి చేతిలో ఆడించి, ఎక్కడికీ వెళ్లకుండా మళ్లీ కూర్చునేదాన్ని. తర్వాత గేటుదాకా వెళ్లి, వాడు ఏడుపు మొదలుపెట్టే లోపే వచ్చేసేదాన్ని. ఆ సమయాన్ని మెల్లగా పెంచుకుంటూ పోయాను. వెళ్లేటప్పుడు బుజ్జగింపులు లేవు, వచ్చేటప్పుడు హడావిడి లేదు. ఇప్పుడు నేను ఈసీఐఎల్ చౌరస్తా దాకా వెళ్లొచ్చినా వాడు పడుకునే ఉంటున్నాడు.

బూరె పద్ధతి వేరు. నన్ను చూడగానే వాషింగ్ మెషీన్ వెనక్కి దూరింది. నేను వెళ్లి తీయలేదు. ఆ గది గుమ్మంలో కూర్చుని కూరగాయలు తరుక్కునేదాన్ని. అది తొంగి చూస్తే నేను కళ్లు సగం మూసి, నెమ్మదిగా తెరిచేదాన్ని. ఇంగ్లండ్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో ఇదే పరీక్షించారు. మనిషి అలా కళ్లార్పితే పిల్లి కూడా తిరిగి అలాగే ఆర్పుతుందనీ, ఆ మనిషి దగ్గరికి రావడానికి ఎక్కువ ఇష్టపడుతుందనీ తేల్చారు. ఒకరోజు బెండకాయలు కోస్తుంటే వచ్చి నా మోకాలికి బుగ్గ రుద్దింది. పిల్లి బుగ్గల్లో వాసన గ్రంథులుంటాయి, తనదనుకున్న దానికే అది అలా గుర్తు పెట్టుకుంటుంది. ఆ పూట వంట ఆలస్యమైంది, ఎవరూ ఏమీ అనలేదు.

దీపావళి రాత్రి మా కాలనీలో టపాసుల మోతకు పండు వణుక్కుంటూ అత్తయ్య మంచం కిందికి దూరాడు. ఇదివరకైతే మా గదికి వచ్చేవాడు. నేను వాణ్ణి మా గదికి తీసుకెళ్లలేదు, నా చాపా దిండూ అత్తయ్య గదిలోకి తెచ్చుకున్నాను. కిటికీలు మూసి, ఫ్యాన్ స్పీడు పెంచి, వాడు చాచిన కాలు పట్టుకుని పడుకున్నాను. మంచం మీద నుంచి అత్తయ్య, "మీ అమ్మని కూడా ఇక్కడికే తెచ్చేయరాదూ, మళ్లీ నువ్వు వెళితే వీడు తట్టుకోలేడు" అన్నారు. ఆ మాట అనాల్సింది నేను. ఆవిడే ముందు అన్నందుకు నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

సంక్రాంతి వెళ్లాక అమ్మను తీసుకొస్తున్నాం. కాళ్లకు అడ్డం పడే కుక్క, కాళ్ల మధ్య తిరిగే పిల్లి ఉన్న ఇంట్లో వాకర్ పట్టుకున్న మనిషి మళ్లీ పడితే కష్టం. అందుకే తెలిసినవాళ్ల దగ్గర పాత వాకర్ ఒకటి ముందే తెచ్చుకున్నాం. రోజూ సాయంత్రం మా అమ్మాయి దాన్ని పట్టుకుని హాల్లో అమ్మలాగే మెల్లగా నడుస్తుంది. ఆ టక్ టక్ చప్పుడు వినగానే పండు గోడ పక్క తన చాప మీదికి వెళ్లాలి, వెళితే చికెన్ ముక్క. బూరె కోసం అమ్మ గదికి నెట్ తలుపు వేయించాం, రాత్రిళ్లు గడియ పెట్టడానికి. పండు దాదాపు నేర్చుకున్నాడు. బంతి దొర్లితే మాత్రం ఇంకా లేచి పరిగెడుతున్నాడు, అది మాన్పించే పనిలో ఉన్నాం.