అటక మీది ఇంజిను

ఆదివారం.

ఎల్లుండి రంగులేసేవాళ్లు వస్తారని పొద్దున్నే అటక ఖాళీ చెయ్యడం మొదలుపెట్టాం. ఇత్తడి బిందెలు, ఎవరి పెళ్లివో శుభలేఖల కట్ట, వాటి వెనకాల బిస్కెట్ డబ్బాలో బొమ్మ రైలు. తమ్ముడూ నేనూ జుట్లు పట్టుకున్న రైలు ఇదే!

రేకు ఇంజిను. అంచుల్లో మెరూన్ రంగు లేచిపోయింది గానీ పక్కన ఎల్.ఎం.ఎస్. అన్న అక్షరాలు బాగానే ఉన్నాయి. లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ రైల్వే. 1923లో పుట్టి, 1948లో బ్రిటన్ రైళ్లన్నీ ప్రభుత్వపరం కావడంతో పోయింది. లివర్‌పూల్ ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో ఈ కీ ఇచ్చే రైళ్లు మొదలుపెట్టాడు. తరవాత అక్కడి నాలుగు పెద్ద రైల్వేల రంగుల్లోనూ వచ్చాయి. ఏ పిల్లాడి ఊళ్లో ఏ రైలు తిరిగితే వాడికి ఆ రంగన్నమాట. మా ఇంటికొచ్చినది మాత్రం మా ఊరి మొహం ఎరగదు. దొరగారి బంగళాలోంచి వచ్చిందని నానమ్మ చెప్పేది. పాత సామాన్లవాడి దగ్గర రెండు రూపాయలకి కొన్నారని నాన్న అంటాడు. నాకు నాన్న మాటే నమ్మబుద్ధి అవుతుంది.

కీ లేదు. నాన్న ఒక్క నిమిషం ఆలోచించి, ఆదివారం ఆదివారం కీ ఇచ్చే గోడ గడియారం దగ్గరకెళ్లి దాని కీ పట్టుకొచ్చాడు. కొంచెం వదులైంది. కాగితం మడిచి దోపితే పట్టింది. ఐదు చుట్లు తిప్పి వదిలాడు. చక్రాలు గర్రుమని తిరిగాయి. ముప్పై ఐదేళ్లు కేకే లైన్లో, అంటే కొత్తవలస–కిరండూల్ కొండదారిలో, ఖనిజం బళ్లు నడిపిన మనిషి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

మా అమ్మాయి స్కేలు తెచ్చి పట్టాలు కొలిచింది. ఎడం 32 మిల్లీమీటర్లు. అక్కడి అసలు పట్టాలు 1435, మనవి 1676. ఆ లెక్కన మన బండికైతే 37 ఉండాలి తాతయ్యా అంది.

"అయిదే కదమ్మా, సర్దుకుంటాదిలే," అన్నాడు.

గుండ్రంగా వేసే వంపు ముక్కలు ఎప్పుడో పోయాయి. మిగిలినవి ఆరు తిన్నటి ముక్కలు. ఇంగ్లీషు పిల్లలు చాప మీద గుండ్రంగా తిప్పుకున్న రైలు మా ఇంట్లో ఎప్పుడూ ఇటు పోయి అటు రావడమే. చిన్నప్పుడు మాకది లోటుగా అనిపించలేదు. మన విశాఖ (అప్పటి వాల్తేరు) స్టేషన్లో జరిగేదీ అదే కదా. హౌరా వైపునుంచి వచ్చి విజయవాడ వైపు పోయే బండికి ఇక్కడ ఇంజిను ముందు కోసి, అంటే విడదీసి, వెనకాల తగిలించాలి. ఈ గొడవ ఎందుకని కొన్ని బళ్లు ఊళ్లోకే రాకుండా దువ్వాడ మీదుగా పోతాయి. ఈ బొమ్మ ఇంజిను క్యాబ్‌లో రెండు సన్నటి కడ్డీలుంటాయి, ఒకటి బ్రేకుకి, ఇంకోటి వెనక్కి నడపడానికి. తమ్ముడు గడప దగ్గర కూర్చుని "వాల్తేరు, వాల్తేరు" అని అరిచి, ఇంజిను కోసి, అటు చివర తగిలించి ఆ రెండోది లాగేవాడు.

నాన్న పట్టాల కింద ఒక చివర రెండు పుస్తకాలు పెట్టాడు. రైలు డబ్బాల్లో బియ్యం పోయించాడు. శిమిలిగూడ అన్నాడు. కేకే లైన్లో అసలు శిమిలిగూడ స్టేషను దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, అక్కణ్నుంచి ఖనిజం పోర్టుకి దిగాలి.

"ఎక్కించడం ఎవడైనా చేస్తాడు. దించడమే పని," అని బ్రేకు వేశాడు. బొమ్మ బ్రేకుకి బండెక్కడ ఆగుతుంది! ఇంజిను జారి, బియ్యం నేలంతా ఒలికి, అమ్మ వంటింట్లోంచి వచ్చి నడుమ్మీద చేతులు పెట్టుకుని నించుంది.

రాత్రి అన్నాలకి లేస్తూ టైము చూస్తే గోడ గడియారంలో నాలుగుంపావు. కీ ఇంకా ఇంజిను పొట్టలోనే ఉంది.