గుర్రపుడెక్క ఆకు మీద గీతలు

ఆదివారం రాత్రి

పొద్దున పాలకని బయల్దేరి గెడ్డ కల్వర్టు దగ్గర ఆగిపోయాను. గోపాలపట్నం వైపు మా వీధి చివర పారే గెడ్డ అది. నీళ్లు కనబడి ఎన్నాళ్లయిందో, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి గుర్రపుడెక్కే. ఊదా పూలు విరగబూశాయి. ఆ అందం చూసే కదా అమెజాన్ ప్రాంతం నుంచి దేశదేశాలకీ మోసుకుపోయారు.

ఒక ఆకు మీద ఈనెకీ ఈనెకీ మధ్య సన్నటి గోధుమరంగు గీతలు కనిపించాయి. ఎండకి మాడిన మచ్చలు అంత వరసగా ఉండవు. వంగి తెంపుతుంటే ఆవుల్ని తోలుకెళ్తున్న పెద్దాయన "ఏటమ్మా, పువ్వులకా?" అన్నాడు. ఆకు కోసమన్నాను. "మొన్నే మిషను పెట్టి తీయించినారు, మళ్లీ వచ్చీసింది" అంటూ వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి లెన్స్ పెట్టి చూశాను. ప్రతి గీతా ఒక సొరంగం. కొన్నింటి కొసన సూదితో పొడిచినట్టు చిల్లు. పక్కనే నల్లగా నిగనిగలాడుతూ, అర మిల్లీమీటరు కూడా లేని ప్రాణి కదులుతోంది. నల్లి! మంచాల్లో కుట్టేది కాదు, ఆకుల మీద బతికే మైట్. ఆర్థోగాలుమ్నా అంటారు. 1986లో ఈ కలుపుని తినే ముక్కు పురుగులకి తోడుగా దీన్ని మన దేశంలో గుర్రపుడెక్క మీదకి వదిలారు. పిల్ల నల్లులు ఆకు లోపలి కండ తింటూ సొరంగం తొలుస్తాయి, పెద్దయ్యాక చిల్లు చేసుకుని బయటికొస్తాయి.

అమ్మ తొంగిచూసి "మన కాయల్ని తినేసిన నల్లేనా?" అంది. సోంపేట దగ్గర తాతయ్య కొబ్బరితోట. తొడిమ కింద గోధుమ మచ్చ పడి, పీచు బిరుసెక్కి, కాయలు పిందెల్లా మిగిలిపోయేవి. తాతయ్య చెట్టు చెట్టుకీ తిరిగి వేపనూనె కొట్టించేవాడు. "కాదమ్మా, దానికి నాలుగే కాళ్లు, దీనికి ఎనిమిది. దూరపు చుట్టం" అన్నాను. అమ్మ మొహం మాత్రం మారలేదు. ఆ తోట పోయిన బాధ నాకూ ఉంది. అయినా ఇవాళ ఈ ఆకు మీద గీతలు ఎక్కువుండాలని కోరుకుంటూ లెక్కపెట్టాను.

ఇరవై మూడు. ఆకు ఇంకా పచ్చగానే ఉంది. మురుగునీళ్లు అంత ఎరువు పోస్తుంటే నల్లి ఒక్కటే ఈ కలుపుని గెలవలేదు, తెలుసు. కానీ మిషనుతో మొత్తం ఎత్తేస్తే దీన్నీ లారీ ఎక్కించినట్టే కదా. మొక్క వారాల్లో తిరిగొస్తుంది, నల్లి అంత తొందరగా రాదు. ఎక్కడో ఓ మూల గీతలున్న నాలుగు మొక్కలు వదిలేస్తే ఎంత బాగుండును!

పొద్దు వాలాక ఆ ఆకు పట్టుకుని మళ్లీ కల్వర్టు దగ్గరికి వెళ్లాను. గీతల్లేని మొక్కలు గుబురుగా ఉన్నచోట, ఆకుల మధ్య ఇరికించి వచ్చాను.