కుక్కల కాళ్ల దగ్గర కొలువు

పశుసంవర్ధక డిప్లొమా చేసినవాడు పల్లెలో పశువుల ఆస్పత్రికి పోవాలి గానీ, హైదరాబాదులో కుక్కల కాళ్లు పిసకడమేమిటని మా పిన్ని ఇంకా సాధిస్తూనే ఉంది. పిసకడం కాదు పిన్నీ, ఫిజియోథెరపీ అంటే వినదు.

నా చేతికి ఎక్కువగా వస్తున్నవి డాషండ్‌లు. పొట్టి కాళ్లు, పొడుగు నడుము. ఈ జాతిలో వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు చిన్న వయసులోనే గట్టిపడతాయి. సోఫా మీంచి ఒక్క గెంతు చాలు, డిస్కు పక్కకు జారి వెన్నుపామును నొక్కేయడానికి. వెనక కాళ్లు చచ్చుబడతాయి. ఆపరేషనో, కదలకుండా విశ్రాంతో డాక్టరుగారు తేల్చాక మా వంతు వస్తుంది.

నాకు బాగా నచ్చింది నీళ్ల ట్రెడ్‌మిల్, అంటే నీళ్ల తొట్టి అడుగున కదిలే పట్టా మీద కుక్కను నడిపించడం. తుంటి ఎత్తు దాకా నీళ్లు నింపితే కాళ్ల మీద పడేది ఒంటి బరువులో సుమారు 38 శాతమే. మోకాలి దాకా అయితే 85 శాతం. నీటిమట్టం సరిగ్గా ఉండాలని డాక్టరుగారు పట్టుబట్టేది ఊరికే కాదన్నమాట. నేను తొట్టిలోకి దిగి, వెనక పాదం వేళ్లు కిందికి మడతపడకుండా పట్టుకుని, పంజా చదునుగా ఆనేలా ఒక్కో అడుగూ వేయిస్తాను. సాయంత్రానికి నడుము పట్టేస్తుంది, నాది.

రోగనిర్ధారణ, మందులు నా పరిధి కాదు; 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం అవి రిజిస్టరైన పశువైద్యులవి. అదే నయం. “ఎప్పటికి నడుస్తుంది?” అని అడిగిన యజమానులకు డాక్టరుగారి గది చూపిస్తాను. నున్నటి గచ్చు మీద జారకుండా చాపలు పరవమని మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. చాలామంది పరవరు. ఇంటి అందం చెడిపోతుందట!