నగరాల మీద పుస్తకాల్లో ముందు ఏది కొనాలి

ఒక్క పుస్తకానికే డబ్బులుంటే జేన్ జేకబ్స్ రాసిన ‘ది డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్’ కొనండి. 1961లో వచ్చింది, ఎక్కువగా న్యూయార్క్ గురించే, అయినా బెంగళూరు మారతహళ్లిలో ఉండేవాళ్లకి ప్రతి పేజీలో తమ వీధే కనిపిస్తుంది. ఆమె ప్లానింగ్ చదువుకున్న మనిషి కాదు, పత్రికలకు రాసేది, తను నడిచే వీధిని కళ్లారా చూసి రాసింది.

వీధిని ముందు కాపాడేది పోలీసులు కాదు, అక్కడ మసలే జనమూ కొట్లవాళ్లూ అంటుందామె. మా సందులో పీజీ హాస్టల్ కింద కర్రీ పాయింట్, పక్కనే ఇస్త్రీ బండి, ఎదురుగా పూలమ్మే ఆవిడ. ఎవరు ఏ ఇంట్లో ఉంటారో ఇస్త్రీ ఆయనకి తెలుసు, ఇంట్లో ఎవరూ లేకపోతే కొరియర్ వాళ్లు పార్సిల్ ఆయన దగ్గరే ఇచ్చి వెళ్తారు, ఆఫీసు క్యాబ్ దిగిన ఆడపిల్లలు రాత్రి పదింటికి కూడా అటు నుంచే నడిచి వస్తారు. రెండు వీధులవతల రోడ్డుకి అటూ ఇటూ పెద్ద అపార్ట్‌మెంట్ల కాంపౌండ్ గోడలే, ఒక్క కొట్టు లేదు, చీకటి పడితే అటు ఎవరూ పోరు. లైట్లు మాత్రం అక్కడే ఎక్కువ! ఆ తేడా ఎందుకో ఈ పుస్తకం చదివితే తెలుస్తుంది.

ఫ్లాట్ కొనబోతున్నవాళ్లు మాత్రం ముందు క్రిస్టఫర్ అలెగ్జాండర్, ఆయన సహచరులు కలిసి రాసిన ‘ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్’ (1977) తిరగేయాలి. వెయ్యి పేజీలు దాటిన పుస్తకం, ఇళ్లూ వీధులూ ఎలా ఉండాలో చెప్పే 253 సూత్రాలు, వరసగా చదవక్కర్లేదు. ఆరడుగుల లోతు లేని బాల్కనీని జనం దాదాపు వాడరు అని అందులో ఒకటుంది. మాది నాలుగడుగులు, బట్టల స్టాండు పెడితే కుర్చీకి చోటు లేదు. అడ్వాన్స్ ఇచ్చేముందు టేపు పట్టుకెళ్లి కొలవండి.

యాన్ గేల్ ‘సిటీస్ ఫర్ పీపుల్’ (2010) నిండా ఫొటోలే, తేలిగ్గా చదివేయొచ్చు, ఫుట్‌పాత్ కోసం అసోసియేషన్ మీటింగులో వాదించాలంటే బాగా పనికొస్తుంది.

బెంగళూరు ఇలా ఎందుకు తయారైందో తెలియాలంటే ఈ మూడూ చాలవు, జానకి నాయర్ ‘ది ప్రామిస్ ఆఫ్ ది మెట్రోపాలిస్’ (2005) కావాలి. పరిశోధన పుస్తకం, నడక నిదానం. కానీ పేట అనే పాత ఊరు ఒకటిగా, బ్రిటిష్ సైన్యం ఉన్న కంటోన్మెంట్ ఇంకో ఊరుగా పెరిగిన చోట మనం ఉంటున్నాం, 1898 ప్లేగు తర్వాతే మల్లేశ్వరం, బసవనగుడి లాంటి కొత్త కాలనీలు ఊపందుకున్నాయి, ఇవేవీ తెలియకుండా ఇక్కడి రోడ్లని తిట్టడం నాకు నచ్చదు. జేకబ్స్ అయిపోగానే ఇదే పట్టండి.