పొల్లు పోతే ఒత్తులన్నీ విడిపోతాయి

పర్లాకిమిడి, మంగళవారం

ఎరువుల కొట్టు వాళ్ల ఖాతాల ప్రోగ్రామ్ కొత్త సర్వర్‌కి మారింది. పొద్దున్నే తెరిచి చూస్తే రైతుల పేర్లన్నీ పిచ్చి గీతలు. ఈ ఊరి చుట్టుపక్కల వాళ్ల పేర్లు ఒడియాలోను, పాతపట్నం వైపు వాళ్లవి తెలుగులోను ఒకే టేబుల్లో ఉన్నాయి. రెండూ చెడ్డాయి. అంకెలు, ఇంగ్లీషులో రాసిన పేర్లు మాత్రం చెక్కుచెదరలేదు. ఇలా కనబడితే తేడా ఎన్‌కోడింగ్‌లోనే, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలోనే. డేటా పోయిందని కంగారుపడి పేర్లు మళ్లీ టైపు చేయడం మొదలుపెట్టకూడదు.

ఆ గీతల్లోనే ఏది తెలుగో ఏది ఒడియానో పోల్చుకోవచ్చు. అన్ని లిపులనూ రాయగల యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఈ రెండు లిపుల అక్షరాలకూ తలా 3 బైట్లు. హెక్స్‌లో, అంటే 0-9, ఏ-ఎఫ్‌లతో రాసే లెక్కలో, మొదటి బైటు రెండింటికీ ఈ0. దాన్ని ఒక్కో బైటూ ఒక్కో అక్షరంగా లెక్కపెట్టే పాత లాటిన్-1 పద్ధతిలో చదివితే నెత్తిన వాలుగీత ఉన్న చిన్న ఇంగ్లీషు ‘ఏ’ వస్తుంది. దాని పక్కన డిగ్రీ గుర్తో, ప్లస్ కింద మైనస్ ఉన్న గుర్తో ఉంటే అది తెలుగు. చివర కిందికి వంగిన అడ్డగీత ఉంటే ఒడియా. ఒడియాలో కొన్నిటికి ఆ రెండో గుర్తు తెరమీద కనబడనే కనబడదు.

ఇంతకీ ఎందుకిలా? పాత సర్వర్‌లో టేబులూ లాటిన్-1, కనెక్షనూ లాటిన్-1. పేజీ పంపిన బైట్లు ఎలా వెళ్లాయో అలాగే తిరిగొచ్చేవి, బ్రౌజర్‌లో శుభ్రంగా కనబడేవి. ఖాతాలుండే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. 2018లో వచ్చిన దాని 8.0 నుంచి డిఫాల్టు యూటీఎఫ్8ఎంబీ4, అంటే పూర్తి యూటీఎఫ్-8. కనెక్షన్ అలా మారగానే మైఎస్‌క్యూఎల్ ఒక్కో బైటునూ విడి లాటిన్ అక్షరం అనుకుని మార్చి పంపుతోంది. తప్పు పాతదే, బయటపడింది ఇప్పుడు.

ముందు డంప్, అంటే డేటాబేస్ మొత్తానికి నకలు, తీసి పక్కన పెట్టాలి. ఆ తర్వాత చేతికి దొరికిన కమాండల్లా కొట్టకుండా, సెలెక్ట్‌లో పేరు కాలమ్‌కి హెక్స్ ఫంక్షన్ తగిలించి బైట్లు చూడాలి. ‘ర’కి ఈ0 బీ0 బీ0 వస్తే బైట్లు మంచివి, కాలమ్‌కి తగిలించిన ఎన్‌కోడింగ్ పేరే తప్పు. సీ3 ఏ0 సీ2 బీ0 సీ2 బీ0 అని ఆరు బైట్లు వస్తే రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది. వరసగా 3ఎఫ్‌లు కనబడితే అవి నిజంగానే ప్రశ్నార్థకాలు. వాటికి పాత బ్యాకప్ తప్ప మందు లేదు.

ఇక్కడున్నది మొదటి రకం. ఆల్టర్ టేబుల్‌తో కాలమ్‌ని ముందు వార్‌బైనరీ (వట్టి బైట్లు) చేసి, ఆ తర్వాతే యూటీఎఫ్8ఎంబీ4 వార్‌చార్ (అక్షరాలు) చేయాలి. మధ్యలో బైనరీ చేస్తేనే బైట్లను ముట్టుకోకుండా వదిలేస్తుంది. చాలామంది నేరుగా ‘కన్వర్ట్ టు క్యారెక్టర్ సెట్’ కొట్టేస్తారు. దాంతో మొదటి రకం కాస్తా రెండో రకమై కూర్చుంటుంది. రెండో రకానికి లాటిన్-1కి కన్వర్ట్, బైనరీకి కాస్ట్, మళ్లీ యూటీఎఫ్8ఎంబీ4కి కన్వర్ట్, ఇలా ఒకదాంట్లో ఒకటి పెట్టి అప్‌డేట్ చేయాలి. వేర్ షరతులో హెక్స్ విలువ సీ3ఏ0తో మొదలయ్యే వరసలనే పట్టాలి. లేకపోతే బాగున్న పేర్లూ పాడవుతాయి.

ఇంకో చిక్కు. లాటిన్-1లో వార్‌చార్ 100 అంటే 100 బైట్లు, అంటే తెలుగులో 33 అక్షరాలే. గుణింతం గుర్తూ, పొల్లూ విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి ‘శ్రీ’ ఒక్కటే నాలుగు. పొడుగు పేర్లు చివరి అక్షరం మధ్యలో తెగి ఉంటాయి. స్ట్రిక్ట్ మోడ్‌లో, అంటే తప్పు డేటాను ఒప్పుకోని అమరికలో, అలాంటి ఒక్క వరస తగిలినా ఆల్టర్ ఆగిపోతుంది. పొడవు సరిగ్గా 100 ఉన్న వరసలను లెంగ్త్ ఫంక్షన్‌తో ముందే పట్టుకుని, బైనరీగా ఉన్నప్పుడే చివరి తునక తీసేయాలి.

అన్నిటికన్నా చేటు చేసేది నోట్‌ప్యాడ్ వైద్యం. పాడైన డంప్‌ని ఎడిటర్‌లో తెరిచి, విండోస్-1252 నుంచి మార్చి సేవ్ చేయడం అన్నమాట. తెలుగు పొల్లు బైట్లు ఈ0 బీ1 8డీ, ఒడియా హలంతం ఈ0 ఏడీ 8డీ. విండోస్-1252లో 8డీకి అక్షరమే లేదు. 81, 8ఎఫ్, 90, 9డీలకూ లేదు. కొన్ని పనిముట్లు ఆ బైటును పారేస్తాయి, కొన్ని ప్రశ్నార్థకం పెడతాయి. పొల్లు లేకపోతే ఒత్తు కట్టదు కాబట్టి, ‘లక్ష్మి’ లాంటి పేరులో క, ష, మి విడిపోయి, మధ్యన విరిగిన ముక్కలు మిగులుతాయి. ఏ, ఐ, ఝ కూడా ఈ దెబ్బకే పోతాయి. మైఎస్‌క్యూఎల్ వాడే లాటిన్-1 ఈ ఐదు బైట్లనూ అలాగే నిలుపుకుంటుంది. అందుకే ఈ మరమ్మతు మైఎస్‌క్యూఎల్ లోపలే జరగాలి.

ప్రోగ్రామ్ రాసిన భాష పీహెచ్‌పీ వైపు కనెక్షన్ తెరవగానే సెట్ చార్‌సెట్ యూటీఎఫ్8ఎంబీ4. పీడీవో అనే కనెక్షన్ పద్ధతి అయితే డీఎస్‌ఎన్‌లోనే, అంటే కనెక్షన్ వివరాలు రాసే వరసలోనే, ఇవ్వాలి. ‘సెట్ నేమ్స్’ క్వెరీ ఒక్కటే సరిపోదు, ఎస్కేప్ చేసే ఫంక్షన్‌కి ఆ సంగతి తెలియదు. రసీదు మీద పేరు కుదించడానికి సబ్‌స్ట్రింగ్ వాడిన చోట్లన్నీ అక్షరాల లెక్కన కోసే ఎంబీ రకంతో మార్చాలి. బైట్ల లెక్కన కోస్తే సగం అక్షరం మిగిలి జేసన్ ఎన్‌కోడ్ ఫాల్స్ ఇస్తుంది, పీహెచ్‌పీ 8.1కి ముందువాటిలో హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్ ఖాళీ ఇస్తుంది. తెరమీద ఏమీ రాకపోతే అక్కడే వెతకాలి.

సాయంత్రానికి పేర్లు వచ్చేశాయి. ఒకే రైతు రెండుసార్లు నమోదైన వరసలు మిగిలాయి: ‘కుమార్’ చివర కొన్నిటికి జడ్‌డబ్ల్యూఎన్‌జే, అంటే పక్క అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపే గుర్తు (ఈ2 80 8సీ), తగులుకుని ఉంది. కంటికి కనబడదు, ట్రిమ్‌కి ఊడదు. పేరు చివరిది మాత్రమే తీయాలి. ‘రాజ్‌కుమార్’ నడుమ ఉన్నది తీస్తే జకి క ఒత్తు పడిపోతుంది. అది రేపటి పని.